9.9 హెచ్‌పీ నుంచి 25కి వెళ్ళాలా? మావయ్య పడవకి మోటారు మారిస్తే నాకు తెలిసొచ్చింది ఇదీ

ఫోన్లు, ఇయర్‌బడ్స్, పవర్ బ్యాంకులు రివ్యూ చేసుకునే నాకు పోయినేడు ఏప్రిల్‌లో ఒక వింత అసైన్‌మెంట్ వచ్చింది. భీమిలి దగ్గర సముద్రం ఒడ్డున ఉండే మా మావయ్య ఫోన్ చేసి, "అల్లుడూ, నువ్వు ఫోన్లకి నంబర్లు చూసి ఏది కొనాలో చెప్తావు కదా. నా బోటుకి కూడా ఓ ఇంజను చెప్పు" అన్నాడు.

మావయ్యది 26 అడుగుల ఫైబర్ బోటు. వెనక పలకకి 9.9 హెచ్‌పీ టూ స్ట్రోక్ అవుట్‌బోర్డ్ మోటారు ఉండేది. అది ఫిబ్రవరిలో ఒడ్డుకి 15 కిలోమీటర్ల దూరంలో బిగుసుకుపోయింది. మధ్యాహ్నం నుంచి చీకటి పడేదాకా నలుగురు ఆ పడవలో కూర్చున్నారు. చివరికి పక్క ఊరి బోటు తాడు కట్టి లాక్కొచ్చింది. అత్తయ్య ఆ సాయంత్రం గురించి ఇప్పటికీ మాట్లాడదు.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మన తీరంలో వేట నిషేధం. ఆ 61 రోజుల్లో కొత్త మోటారు ఎంచుకుని, బిగించి, సిద్ధం చేయాలి. మావయ్య దగ్గర ఉన్నది 3 లక్షలు, అందులో సగం నూటికి 2 రూపాయల వడ్డీకి తెచ్చినది. మనసులో ఉన్నది మాత్రం 25 హెచ్‌పీ. పక్కింటి బోటుకి అదే ఉంది. దానికి ఇంకో లక్షన్నర అప్పు చేయాలి.

హెచ్‌పీ అంటే మెగాపిక్సెల్ లాంటిదే

ముందు ఆ 9.9 సంగతి చెప్పేస్తాను. అమెరికాలో చాలా చెరువుల్లో 10 హెచ్‌పీ దాటిన మోటారుకి అనుమతి ఉండదు. అందుకే ప్రపంచమంతటా ఈ సైజు పాపులర్. మన 9,999 రూపాయల ఫోన్ లాగా అన్నమాట. మనకి అర్థమయ్యే యూనిట్లలో చెప్పాలంటే 9.9 హెచ్‌పీ అంటే దాదాపు 7.4 కిలోవాట్లు. 67 వాట్ల ఫోన్ చార్జర్లు 110 ఒకేసారి నడిచినంత.

మరి 25 హెచ్‌పీ పెడితే పడవ రెండున్నర రెట్లు వేగంగా పోతుందా? పోదు. ఇక్కడ ఫిజిక్స్ అడ్డం వస్తుంది. నీటిని చీల్చుకుంటూ పోయే పడవ ముందొక కెరటాన్ని, వెనకొక కెరటాన్ని లేపుతుంది. వేగం పెరిగేకొద్దీ ఆ కెరటం పొడవు పెరిగి, ఒక దశలో పడవ పొడవుతో సమానమవుతుంది. అక్కడి నుంచి పడవ తను లేపిన కెరటాన్నే గుట్ట ఎక్కినట్టు ఎక్కాలి. దీన్ని హల్ స్పీడ్ అంటారు. ఫార్ములా చిన్నదే: నీటిని తాకే పొడవు అడుగుల్లో తీసుకుని, దాని వర్గమూలాన్ని 1.34తో గుణిస్తే నాట్స్‌లో వేగం వస్తుంది. మావయ్య పడవకి ఆ పొడవు 24 అడుగులు. లెక్క కడితే 6.6 నాట్స్, అంటే గంటకి 12 కిలోమీటర్ల పైచిలుకు.

పాత మోటారుతో జీపీఎస్‌లో చూసిన వేగం గంటకి 11.5 కిలోమీటర్లు. అంటే గోడ దగ్గరికి అప్పటికే వచ్చేశాం.

ఆ గోడ దాటాలంటే పడవ నీటి మీదికి లేచి జారాలి, స్పీడ్ బోట్లు పోయినట్టు. దానికి వాడే మోటు లెక్క ఒకటుంది: సుమారు 20 నుంచి 25 కిలోల బరువుకి ఒక హెచ్‌పీ కావాలి. పడవ, నలుగురు మనుషులు, వలలు, ఐసు, పెట్రోలు అన్నీ కలిపితే మావయ్య బోటు 1,300 కిలోల దగ్గర ఉంటుంది. అంటే 50 హెచ్‌పీ పైనే కావాలి. 25 పెడితే జారదు, ముక్కు పైకెత్తి వెనక భాగం ముంచుకుంటూ పోతుంది. మహా అయితే గంటకి 15 కిలోమీటర్లు రావచ్చు. 15 కిలోమీటర్ల వేటకి పావుగంట మిగులుతుంది. ఆ పావుగంట కోసం ఫుల్ థ్రాటిల్‌లో గంటకి 8 లీటర్ల పైన పెట్రోలు పోయాలి.

ఇదంతా నేను వైట్‌బోర్డ్ మీద గీసి మరీ చెప్పాను. మావయ్య అంతా విని ఒక్క మాటన్నాడు. "మరి కెరటం దాటేటప్పుడో?"

ఆ ప్రశ్నకి నేను సరిగా చెవి పెట్టలేదు. దాని ఫలితం కింద చెప్తాను.

టూ స్ట్రోకా, ఫోర్ స్ట్రోకా

పాత టూ స్ట్రోక్ ఎందుకు అంత తాగేదంటే, దాని డిజైనే అంత. కొత్త పెట్రోల్ గాలి సిలిండర్‌లోకి వచ్చేటప్పుడే పాత పొగ బయటికి పోతుంటుంది, రెండు ద్వారాలూ కొంతసేపు ఒకేసారి తెరిచి ఉంటాయి. కాలని పెట్రోలు కొంత పొగతో పాటే సముద్రంలోకి పోతుంది. పైగా పెట్రోల్లోనే ఆయిల్ కలపాలి, 50కి 1 పాళ్ళలో, అంటే లీటరుకి 20 మిల్లీలీటర్లు. ఫోర్ స్ట్రోక్‌లో ఆయిల్ వేరే సంపులో ఉంటుంది, వాల్వులు వేళకి మూసుకుంటాయి, ఖర్చు తగ్గుతుంది.

అయినా మన తీరంలో టూ స్ట్రోక్ అంటే జనానికి ప్రేమ పోలేదు. కారణం ఉంది. అది తేలిక, భాగాలు తక్కువ, ఊళ్ళో మెకానిక్ కళ్ళు మూసుకుని విప్పగలడు. ఆ మెకానిక్ నాతో గట్టిగానే వాదించాడు. "సముద్రంలో ఆగిపోతే నీ కంప్యూటర్ బాక్సు ఎవడు బాగుచేస్తాడు?" అన్నాడు. ఫ్యూయల్ ఇంజెక్షన్ మోడల్స్ గురించి ఆ మాట. నిజమే అనిపించి, చివరికి కార్బురేటర్ ఉన్న, తాడు లాగి స్టార్ట్ చేసే 9.9 ఫోర్ స్ట్రోక్‌కే ఓటేశాను. బ్యాటరీ అక్కర్లేదు, ఈసీయూ లేదు.

15 హెచ్‌పీ ఎందుకు కాదు అని అడగొచ్చు. చాలా కంపెనీల్లో 9.9, 15 ఒకే బ్లాక్ మీద వస్తాయి. కార్బురేటర్, ఇన్‌టేక్ లాంటి చిన్న తేడాలే. ఒకే చిప్‌ని క్లాక్ స్పీడ్ మార్చి రెండు పేర్లతో అమ్మినట్టు. ధరలో తేడా చిన్నదైతే 15 తీసుకోవడం తప్పేమీ కాదు. మాకు ఆ సీజన్‌లో దొరికింది 9.9.

ఇంకో స్పెక్ ఉంది, ఏ యూట్యూబ్ రివ్యూలోనూ సరిగా చెప్పరు. బరువు. మావయ్య వాళ్ళకి జెట్టీ లేదు. రోజూ పడవని ఇసక మీదికి లాగి, మోటారు విప్పి భుజం మీద ఇంటికి మోసుకెళ్తారు. ఒడ్డున వదిలేస్తే పొద్దున్నకి ఉంటుందన్న నమ్మకం లేదు. 9.9 ఫోర్ స్ట్రోక్ 40 కిలోల దరిదాపుల్లో ఉంటుంది. 25 హెచ్‌పీ దాదాపు 60 కిలోలు. ఇసకలో 60 కిలోలు భుజాన వేసుకుని నడిచి చూడండి, ఆ తర్వాత కామెంట్ పెట్టండి.

షాఫ్ట్ పొడవు కూడా చూసుకోవాలి. 15 అంగుళాలు షార్ట్, 20 అంగుళాలు లాంగ్. పడవ వెనక పలక ఎత్తు కొలిచి తీసుకోవాలి. ప్రొపెల్లర్ పైన ఒక వెడల్పాటి రేకు ఉంటుంది కదా, అది పడవ అడుగుకి సమంగా, లేదా రెండు మూడు సెంటీమీటర్లు కిందికి రావాలి. పైన ఉంటే ప్రొపెల్లర్ గాలి పీల్చి వట్టినే తిరుగుతుంది. మరీ కింద ఉంటే నీటిని ఈడ్చుకుంటూ పోతుంది.

నేను చూడని నంబర్

జూన్‌లో మోటారు బిగించాం. కొత్త ఇంజన్‌కి మొదటి 10 గంటలు రన్-ఇన్ పీరియడ్, ఎక్కువసేపు ఫుల్ థ్రాటిల్ ఇవ్వొద్దు. అందుకని మొదటి మూడు రోజులూ మెల్లగా నడిపారు. చప్పుడు లేదు, పొగ లేదు. మావయ్య సంబరపడ్డాడు. నేను మనసులో 5 స్టార్ రేటింగ్ ఇచ్చేశాను.

నాలుగో రోజు నైరుతి గాలి గట్టిగా ఉంది. ఒడ్డున వరసగా మూడు కెరటాలు విరుగుతున్నాయి. వాటి మధ్య ఖాళీ దొరకగానే ఒక్క ఊపున దాటాలి. మావయ్య థ్రాటిల్ పూర్తిగా తిప్పాడు. మోటారు మూలిగినట్టు మొరాయించింది, పడవ రెండో కెరటం ముందు నిలబడిపోయింది. మూడోది పడవలోకి విరిగింది. ఒకడు నీళ్ళలో పడ్డాడు, ఈదుకుంటూ ఒడ్డుకొచ్చాడు. వలలు తడిసి ముద్దయ్యాయి, పడవ అడ్డం తిరగబోయి ఆఖరి క్షణంలో సర్దుకుంది. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. ఆ రోజు మావయ్య నాకు ఫోన్ చేయలేదు. అత్తయ్య చేసింది. "నువ్వు చెప్పిన ఇంజనేనా ఇది?" అంది.

ఆదివారం బస్సెక్కి వెళ్ళాను. బ్యాగులో ఒక గ్యాడ్జెట్ ఉంది. స్పార్క్ ప్లగ్ వైరు చుట్టూ నాలుగైదు చుట్లు తిప్పే చిన్న టాకోమీటర్, ఆన్‌లైన్‌లో కొన్ని వందలకే వస్తుంది. ప్లగ్‌లో స్పార్క్ వచ్చినప్పుడల్లా వైర్‌లో పుట్టే పల్స్‌ని లెక్కపెట్టి ఆర్‌పీఎం చూపిస్తుంది. మొదట అది 9,000 చూపించింది. కంగారు పడొద్దు. ఫోర్ స్ట్రోక్ అని నేను "రెండు తిరుగుళ్ళకి ఒక స్పార్క్" సెట్టింగ్ పెట్టాను. ఇలాంటి చిన్న మోటార్లలో చాలావాటికి ప్రతి తిరుగుడుకీ ఒక స్పార్క్ వస్తుంది, ఒకటి వృథాగానే పోతుంది. సెట్టింగ్ మార్చాక అసలు నంబర్ కనిపించింది: నిండు లోడుతో, ఫుల్ థ్రాటిల్‌లో 4,500.

మాన్యువల్ తీశాను. ఫుల్ థ్రాటిల్‌లో ఉండాల్సింది 5,000 నుంచి 6,000.

కథ అంతా ఇక్కడే ఉంది. 9.9 హెచ్‌పీ అన్నది ఆ ఆర్‌పీఎం అందుకుంటేనే వచ్చే బలం. 4,500 దగ్గర ఆగిపోతే చేతికొచ్చేది ఎనిమిది దరిదాపుల్లోనే. నిలబడిన పడవని కెరటం మీదికి తొయ్యాల్సి వచ్చినప్పుడు ఆర్‌పీఎం ఇంకా పడిపోతుంది, బలమూ ఇంకా తగ్గుతుంది. 67 వాట్ల చార్జర్‌కి పాత డొక్కు కేబుల్ పెడితే 10 వాట్లే ఎక్కుతుంది చూడండి, అచ్చం అలా. చార్జర్ మంచిదే. కేబులే తప్పు.

ఇక్కడ కేబుల్ అంటే ప్రొపెల్లర్. దాని బొడ్డు మీద రెండు నంబర్లు చెక్కి ఉంటాయి. మొదటిది వ్యాసం, రెండోది పిచ్. మెత్తటి చెక్కలో స్క్రూ దిగినట్టు ప్రొపెల్లర్ ఒక్కసారి తిరిగితే ఎంత ముందుకి పోవాలో అదే పిచ్. మా దాని మీద తొమ్మిదింపావు, 11 అని ఉంది. 11 అంగుళాల పిచ్ అంటే తేలికపాటి పడవలో ఇద్దరు షికారుకి వెళ్ళేందుకు. సైకిల్‌కి పెద్ద గేరు వేసి మెట్ట ఎక్కమన్నట్టు మనం దానికి 1,300 కిలోలు తగిలించాం. డీలర్ బాక్సులో ఏది వస్తే అది బిగించి పంపాడు. పడవ ఎంత బరువని అడగలేదు. నేనూ అడగలేదు. స్పెక్ షీట్ మూడుసార్లు చదివిన నేను, ప్రొపెల్లర్ మీద చెక్కిన నంబర్ ఒక్కసారి కూడా చూడలేదు.

మెకానిక్‌లు వాడే లెక్క ప్రకారం పిచ్ ఒక అంగుళం తగ్గిస్తే 150 నుంచి 200 ఆర్‌పీఎం పెరుగుతుంది. 8 పిచ్ తెప్పించాం, ఆరేడు వేలయింది. అదే లోడు, అదే మనుషులు. టాకోమీటర్ 5,200 చూపించింది, మా విషయంలో లెక్క కంటే కాస్త ఎక్కువే. వేగం గంటకి 11 నుంచి 12.3 కిలోమీటర్లకి వచ్చింది. (వేగం ఫోన్ జీపీఎస్‌తో కొలిస్తే ఒకవైపు వెళ్ళి, అదే దారిలో తిరిగొచ్చి సగటు తీయండి. లేకపోతే నీటి వాలు మీకు బోనస్ మార్కులు వేస్తుంది. సిగ్నల్ లేకున్నా జీపీఎస్ పనిచేస్తుంది, దానికి సిమ్ అక్కర్లేదు.)

టాప్ స్పీడ్ ఒకటింపావు కిలోమీటరే పెరిగింది. అసలు తేడా ఒడ్డు దగ్గర కనిపించింది. మర్నాడు పొద్దున కెరటాల దగ్గర నేనూ పడవలో ఉన్నాను, లైఫ్ జాకెట్ వేసుకుని, గుండె చేత్తో పట్టుకుని. మావయ్య థ్రాటిల్ తిప్పగానే పడవ ఎవరో వెనక నుంచి నెట్టినట్టు లేచింది. మూడో కెరటం మా వెనకాల విరిగింది. "ఫ్యాను మారిస్తే ఇంత తేడానా?" అన్నాడు. ఏప్రిల్‌లో ఆయన అడిగిన ప్రశ్నకి జవాబు ఇది. నేను వేగం గురించి మాట్లాడాను, ఆయన తోపు గురించి అడిగాడు. బరువు పడవలకని కంపెనీలు హై థ్రస్ట్ మోడల్స్ కూడా చేస్తాయి. మామూలు వాటిలో ఇంజన్ దాదాపు రెండుసార్లు తిరిగితే ప్రొపెల్లర్ ఒకసారి తిరుగుతుంది, వీటిలో దాదాపు మూడుసార్లకి ఒకసారి. ఆ నిదానపు తిరుగుడుకి పెద్ద ప్రొపెల్లర్ తగిలిస్తారు. దొరికితే ముందు అది చూడండి.

భుజం మీద బగ్

ఫోర్ స్ట్రోక్‌తో ఇంకో చిక్కు వచ్చింది. ఒక రోజు మోటారు తాడు అస్సలు కదల్లేదు. మళ్ళీ బిగుసుకుందేమోనని అందరి ముఖాలూ పాలిపోయాయి. జరిగింది వేరు. ముందు రాత్రి కుర్రాళ్ళు అలవాటు ప్రకారం మోటారుని ఎలా పడితే అలా పడుకోబెట్టారు. సంపులో ఆయిల్ ఉండే మోటారుని మాన్యువల్ బొమ్మలో చూపించిన పక్కకే పడుకోబెట్టాలి. లేకపోతే ఆయిల్ సిలిండర్‌లోకి పోతుంది. ప్లగ్‌లు విప్పి, మెల్లగా తాడు లాగితే నల్లటి ఆయిల్ బయటికి వచ్చింది. తుడిచి, ఆయిల్ లెవెల్ చూసి, ప్లగ్‌లు బిగించాక కాసేపు తెల్లటి పొగ వదిలి మామూలైంది. ఇప్పుడు మోటారు మూత మీద ఎర్ర పెయింట్‌తో ఒక బాణం గీసి ఉంది. నా డిజైనే.

పాత మోటారు ఎందుకు చచ్చిందో కూడా విప్పి చూశాం. లోపల నీటి పంపులో చిన్న రబ్బరు ఇంపెల్లర్ ఉంటుంది. సముద్రపు నీళ్ళు లాగి ఇంజన్ చల్లబరిచేది అదే. ఇసక తిని తిని దాని రెక్కలు అరిగిపోయాయి. మోటారు వెనక సన్నగా నీటి ధార చిమ్ముతుంది చూడండి, అది ఇంజన్ టెంపరేచర్ ఇండికేటర్ లాంటిది. ఆ ధార బలహీనపడి వారం అయిందట. అందరూ చూశారు, ఎవరూ పట్టించుకోలేదు. ఒక ఇంపెల్లర్, నాలుగు ప్రాణాలు.

ఇప్పుడు రోజూ డ్రమ్ములో మంచినీళ్ళు పోసి ఐదు నిమిషాలు నడుపుతున్నారు. కింద భాగంలో ఉండే యానోడ్ ముక్కకి పెయింట్ వేయొద్దని చెప్పాను. ఉప్పునీరు మోటారు బాడీ బదులు దాన్ని తినాలి, అది అందుకే ఉంది. పెట్రోల్ విషయం మరో తలనొప్పి. మన బంకుల్లో ఇప్పుడు ఈ20 వస్తోంది. చాలా అవుట్‌బోర్డ్ మాన్యువల్స్ ఈ10 దాకానే ఒప్పుకుంటాయి. ఇథనాల్ తేమని పీల్చుకుంటుంది, సముద్రం మీద తేమకి కొదవలేదు. అందుకే నీళ్ళు వేరుచేసే ఫ్యూయల్ ఫిల్టర్ బిగించాం. వేట నిషేధం 61 రోజులూ కార్బురేటర్‌లో చుక్క పెట్రోలు ఉంచొద్దు. అంతే.

ఎలక్ట్రిక్ గురించి అడుగుతారని తెలుసు. చిన్న లెక్క: 10 లీటర్ల పెట్రోలు ఇంజన్‌లో కాలి ప్రొపెల్లర్ దాకా చేర్చే శక్తి సుమారు 20 యూనిట్లు. అంత కరెంటు దాచే లిథియం బ్యాటరీ 150 కిలోలు దాటుతుంది. రోజూ భుజాన మోసే వాళ్ళకి ఇప్పటికి కాదు. నదిలో, చెరువులో తిరిగే చిన్న పడవకైతే బాగుంటుంది.

ఇక ఖర్చు. మావయ్య నోట్‌బుక్ ప్రకారం ముందు రోజుకి 18 లీటర్లు, వాటికి 360 మిల్లీలీటర్ల ఆయిల్ పోసేవాడు. ఇప్పుడు అదే దూరానికి 13 లీటర్లు, ఆయిల్ కలపక్కర్లేదు. లీటరు వంద దాటిన రోజుల్లో రోజుకి 500 పైనే మిగులుతోంది. మిగిలినది వడ్డీకి పోతోంది. లక్షన్నర కొత్త అప్పు చేయలేదు. మోటారు మార్చిన వివరాలు బోటు రిజిస్ట్రేషన్‌లో ఎక్కించాలి, మర్చిపోకండి. రియల్‌క్రాఫ్ట్ పోర్టల్‌లో ఇంజన్ వివరాలు కూడా ఉంటాయి.

పోయిన వారం 25 హెచ్‌పీ ఉన్న పక్కింటాయన వచ్చి, తన మోటారు కూడా కెరటం దగ్గర మూలుగుతోందని చెప్పాడట. మావయ్య నేరుగా వెళ్ళి ఆయన ప్రొపెల్లర్ బొడ్డు మీద నంబర్ చూశాడు. అరిగిపోయి కనపడలేదు. "అల్లుడూ, ఆదివారం ఆ వైరు చుట్టే మిషను పట్టుకురా" అని మెసేజ్ పెట్టాడు.